నాలుగుంపావు అంగుళాల గుంట

పిస్కాటవే,
19 జూన్ 1984

పూజ్యురాలైన అమ్మ పాదాలకు, సాష్టాంగపడి ఉత్తరం రాయడం కుదరదు కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని, శ్రీధర్ చేసే నమస్కారాలు.

ముందుగా క్షమాపణ. నీ ఉత్తరంలో నా మీద మోపిన నేరాలు మొత్తం ఆరు. నీ సోఫాను గరాజ్ పాలు చేసినందుకు, డ్రాయింగ్ రూములో పన్నెండడుగుల పచ్చ తిన్నె కట్టినందుకు, ఎనిమిదేళ్ళుగా కత్తిరించి కుట్టుకున్న నీ సీరియల్ పుస్తకాలను ప్లైవుడ్ కింద తొక్కినందుకు, కర్టెన్ రాడ్డును రెండు ముక్కలు చేసినందుకు, అమ్మమ్మ ఇత్తడి మానికకి తెల్లరంగు పూసి నేలలో పాతినందుకు, ఇదంతా చూసిన కామేశ్వరి ఆంటీకి బీపీ పెరిగినందుకు, కన్నీటితో, చేతులు జోడించి, తల నేలకి ఆనించి క్షమాపణ వేడుకుంటున్నాను.

వేడుకోవడం అయిపోయింది. ఇక ఆ తిన్నెను తీసేది లేదు.

ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ శశికళ పిన్నీ కూడా క్షేమమని తలుస్తాను. పిన్ని కాలి కట్టు ఇంకా విప్పలేదని రాశావు. విప్పేదాకా కాకినాడలోనే ఉండు, తొందరేం లేదు. మా భోజనం గురించి అడిగావు. వంట నాదే. వారానికి నాలుగు రోజులు చారు, రెండు రోజులు కామేశ్వరి ఆంటీ జాలి, ఒక రోజు పిజ్జా. దేవుడి దగ్గర దీపం రోజూ వెలుగుతోంది. దేవుడి గది జోలికి నాన్న వెళ్ళలేదు. ఆ గది నేల తూర్పుకి కాస్త వాలి ఉందని మాత్రం కనిపెట్టారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. “మనకెందుకురా ఆ దొరల ఆటలు? తల వంచుకుని మన పని మనం చేసుకుంటే చాలదా?” అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే, నీకు తెలియని ఒక సంగతి చెప్పాలి.

పోయిన ఏడాది జూన్‌లో నాన్న కంపెనీ వాళ్ళు గోల్ఫ్ పిక్నిక్ పెట్టారు. నీకు జలుబు చేసి నువ్వు రాలేదు, నన్ను పంపావు. ఆ రోజు ఒక జట్టులో మనిషి తగ్గితే, నాన్న పై అధికారి బ్రాడీ “రామ్, కమాన్” అంటూ నాన్న చేతిలో కర్ర పెట్టాడు. మూడడుగుల దూరంలో గుంట. పిల్లి కూడా తోకతో నెట్టి పడేసే దూరం. నాన్న అయిదు సార్లు కొట్టారు. బంతి ఇటు పోయింది, అటు పోయింది, గుంట చుట్టూ ప్రదక్షిణం చేసింది, లోపలికి మాత్రం పోలేదు. చివరికి బ్రాడీయే వంగి బంతిని చేత్తో గుంటలో వేశాడు. అంతా నవ్వారు. అక్కడిదాకా ఫరవాలేదు.

సాయంత్రం డిన్నర్‌లో బహుమతులు ఇచ్చారు. చివరి బహుమతి అంటూ మైకులో నాన్న పేరు పిలిచారు. అయిదేళ్ళ పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ గోల్ఫ్ సెట్టు. ఎర్ర కర్ర, పసుపు బంతులు. నాన్న లేచి వెళ్ళి, కరచాలనం చేసి, థాంక్యూ చెప్పి, దాన్ని చంకలో పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. నూట ఇరవై మంది చప్పట్లు. ఇంటికొచ్చాక నీతో ఏమన్నారో గుర్తుందా? “లక్కీ డ్రాలో వచ్చింది.” అది లక్కీ డ్రా కాదమ్మా. నన్ను చెప్పవద్దన్నారు, అందుకని ఏడాది పాటు మింగాను.

ఆ సెట్టు అప్పటినుంచీ కారు ట్రంకులోనే ఉంది. నాన్న దాన్ని పారేయలేదు. స్పేర్ టైరు పక్కన పెట్టుకున్నారు.

ఈ ఏప్రిల్‌లో నువ్వు విమానం ఎక్కావు. మర్నాడే ఆఫీసు నోటీసు బోర్డు మీద ఈ ఏటి పిక్నిక్ కాగితం పెట్టారట. పట్టింగ్ పోటీ ఉంటుంది, అంటే బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేయడం, మనిషికి మూడు బంతులు. నాన్న పెన్ను తీసి తన పేరు తనే రాశారు. బ్రాడీ చూసి, “సొంత కర్రలు తెచ్చుకుంటావా రామ్? ఆ ప్లాస్టిక్‌వి ఉన్నాయిగా?” అన్నాడట. “తెస్తాను” అన్నారట నాన్న. అంతే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, షూస్ విప్పకుండా, టేపు పట్టుకుని డ్రాయింగ్ రూమ్ కొలవడం మొదలుపెట్టారు.

“ఏం చేస్తున్నారు నాన్నా?”

“సోఫా ఎంత బరువుంటుందిరా?”

కాబట్టి అమ్మా, ఆరు నేరాల్లో సోఫా నాది కాదు. నేను ఒక పక్క పట్టుకున్నాను, అంతే.

రంగుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేసే మనిషి ఆట మొదలుపెడితే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా! లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తెచ్చారు. గుంటకి లోతు కావాలి కాబట్టి నేల మీద ఆరంగుళాల ఎత్తున ప్లైవుడ్ తిన్నె కట్టాం. దాని మీద పొట్టి నూలు పచ్చ కార్పెట్ పరిచాం. నిజం పచ్చిక మీద బంతి ఎంత దూరం దొర్లుతుందో పుస్తకంలో ఉంది. దాన్ని కొలవడానికి వాలుగా పట్టుకునే ఒక రేకు గాడి కావాలి. నీ కర్టెన్ రాడ్డు అలా అమరుడైంది. గాడిలోంచి బంతి వదిలితే ఎనిమిదడుగులు పోవాలి, మన కార్పెట్ మీద పదడుగులు పోయింది. నూలు నిలబడితే బంతి నిదానిస్తుందని నాన్న రోజుకి రెండు పూటలా వాక్యూమ్ చేయడం మొదలుపెట్టారు. పదకొండేళ్ళుగా నువ్వు బతిమాలినా ముట్టని వాక్యూమ్ క్లీనర్ అది. ఇప్పుడు నన్ను ముట్టనివ్వడం లేదు.

తర్వాత వాలు. నిజం పచ్చిక చదునుగా ఉండదు కదా. ఆ సమయంలోనే కామేశ్వరి ఆంటీ గోంగూర సీసాతో వచ్చారు.

“ఏవిట్రా ఇది? హాల్లో సమాధి కట్టారా?”

“పట్టింగ్ గ్రీన్ అండీ,” అన్నారు నాన్న, మోకాళ్ళ మీదనుంచి లేవకుండా. “చెప్పులు విప్పి ఎక్కండి. నూలు అణిగిపోతుంది.”

“నేనెందుకు ఎక్కుతానన్నయ్య గారూ! అయ్యయ్యో, ఆ కింద పెట్టినవి సరోజ పుస్తకాలు కావూ? అవి దాని ప్రాణం!”

“ఎడమ పక్కన రెండు సీరియళ్ళు, కుడి పక్కన ఒకటిన్నర. రెండు శాతం వాలు వచ్చింది. మీ దగ్గర పల్చటి నవలేమైనా ఉంటే చెప్పండి, ఈ మూలకి కావాలి.”

“ఆ గుంటలో ఏం పెట్టారు?”

“మానిక,” అన్నారు నాన్న గర్వంగా. “మా అత్తగారిది. గుంట నాలుగుంపావు అంగుళాలు ఉండాలని రూలు. వంటింట్లో ప్రతి గిన్నే కాలిపర్స్ పెట్టి కొలిచాను. మానిక ఒక్కటే నాలుగుంపావు. ఎంత సరిగ్గా సరిపోయిందో! నిజం గుంటలా ఉండాలని లోపల తెల్లరంగు వేయించాను. అంతా మా వాడే బిగించాడు.”

ఆంటీ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. “పుట్టింటి మానిక! మేకులు కొట్టారా!” అని ఆ గుంటలోకి వంగి చూసి, నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆ రాత్రే నీకు ఉత్తరం వేసి ఉంటారు. అందులో నన్ను ‘అప్రయోజకుడు’ అన్నారని నువ్వు రాశావు. చదువు పూర్తయి, ఉద్యోగం సెప్టెంబర్‌లో మొదలయ్యే మనిషిని అప్రయోజకుడు అనరు, ఖాళీ మనిషి అంటారు. చెప్పు ఆవిడకి.

ఇక ఆట సంగతి. నాన్న రోజూ ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, వంద బంతులు కొట్టేవారు. నేను గుంట దగ్గర కూర్చుని లెక్క చెప్పేవాణ్ణి. మొదటి వారం వందకి పద్నాలుగు. రెండో వారం ఇరవై. నాలుగో వారం కూడా ఇరవై రెండు దాటలేదు. బంతి తిన్నగా వచ్చేది, అంచుకి తగిలేది, పక్కకి తిరిగి వెళ్ళిపోయేది. ఒకసారి గుంట మీదికి వంగి ముక్కు ఎగబీల్చి, “మెంతుల వాసన వస్తోందేమిట్రా?” అన్నారు. “కొత్త కార్పెట్ నాన్నా” అన్నాను.

అయిదో వారం ఒక ఆదివారం మధ్యాహ్నం. వరసగా పదకొండు బంతులు అంచు తాకి తప్పాయి. నాన్న కర్రను గోడకి ఆనించారు. తిన్నె అంచు మీద కూర్చుని, చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు, ఏదో కల్తీ దొరుకుతుందన్నట్టు.

“వాళ్ళు నవ్వింది న్యాయమేరా. నా చేతిలో లేదు. తీసేద్దాం. మీ అమ్మ వచ్చేలోపు సోఫా లోపల పెట్టేద్దాం.”

అమ్మా, అప్పుడు నేను ఒక మాట చెప్పాల్సింది. చెబితే నాన్న ముఖం అక్కడికక్కడే వెలిగేది. చెప్పలేదు. బదులుగా తిన్నె మీద అడ్డంగా పడుకున్నాను.

“తీయను. తీయాలంటే నన్ను కూడా గరాజ్‌లో పెట్టండి.”

“లే, నూలు అణిగిపోతుంది,” అన్నారు నాన్న. కాసేపటికి వాక్యూమ్ శబ్దం వినిపించింది. అప్పుడు లేచాను.

మొన్న శనివారం పిక్నిక్. పోటీకి నలభై మంది. ఆరడుగులు, తొమ్మిది, పన్నెండు. బ్రాడీ ఆరడుగులది వేశాడు, మిగతావి తప్పాడు. నాన్న పేరు పిలవగానే వెనకనుంచి ఎవరో ప్లాస్టిక్ బంతులంటూ ఏదో అన్నారు, నవ్వులు. నాన్న తల ఎత్తలేదు. ఆ ఆట నియమమే అదమ్మా, తల వంచుకునే ఆడాలి. నువ్వు రాసినట్టే చేశారు. పదకొండేళ్ళు వాళ్ళ పని కోసం తల వంచారు, మొన్న తన కోసం వంచారు.

ఆరడుగులది పడింది. తొమ్మిదిది పడింది. పన్నెండుది గుంట నడిమధ్యలోంచి, అంచు ఊసే లేకుండా, బావిలో చేద పడ్డట్టు పడింది. తర్వాత చప్పట్లు, ఈసారి అసలువి.

నాన్న నవ్వలేదు. తిన్నగా బ్రాడీ దగ్గరికి వెళ్ళారు. “ఈ గుంట పెద్దది. సైజు తప్పు. కొలిపించండి” అన్నారు.

“రామ్, నువ్వు గెలిచావయ్యా!”

“తప్పు గుంటలో గెలిచిన బహుమతి నాకొద్దు.”

నలభై మంది చూస్తుండగా, ఆ మైదానం మనిషి టేపు తెచ్చి కొలిచాడు. నాలుగుంపావు. నాన్న ఆ టేపు తీసుకుని తనే ఇంకోసారి కొలిచారు. నాలుగుంపావు. అప్పుడు నెమ్మదిగా తల తిప్పి నావైపు చూశారు.

బహుమతి ఒక పెద్ద గొడుగు. నాన్న దాన్ని తీసుకుని, కారు దగ్గరికి వెళ్ళి, ట్రంకులోంచి ప్లాస్టిక్ సెట్టు తెచ్చి బ్రాడీ చేతుల్లో పెట్టారు. “ఏడాదిగా వాడుకోనిచ్చారు, థాంక్యూ” అన్నారు. బ్రాడీ చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఆ దృశ్యం కోసం ఇంకో మూడు కర్టెన్ రాడ్లు కోయమన్నా కోస్తాను.

ఇంట్లోకి రాగానే నాన్న కాలిపర్స్ తీసి గుంట దగ్గర మోకరిల్లారు. మూడున్నర అంగుళాలు. మానికని ముందే కొలిచాను కదా, గుంటను మళ్ళీ కొలవడం ఎందుకని ఆరు వారాలు ఆయన ఆ ఒక్క కొలతా తీయలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీశారు.

మానిక బియ్యంలోనే ఉంది అమ్మా. ఎప్పుడూ ఉన్నట్టే. రంగు లేదు, చిల్లు లేదు.

నాన్న బిగించమన్న రోజు డ్రిల్లు పట్టుకున్నాను. అంచుకి మూడు చిల్లులు పొడవాలి. మొదటి చిల్లు సరిగ్గా అమ్మమ్మ పేరు మీద పడుతోంది. చుక్కలు చుక్కలుగా చెక్కిన ‘వసుమతి’లో ‘వ’ మీద. నువ్వు బియ్యం కొలిచేటప్పుడు బొటనవేలు ఆనించే చోటు. ఆపేశాను. షెల్ఫులోంచి నీ మెంతుల డబ్బా తీసి, మెంతులు సీసాలో పోసి, దాన్ని బిగించి, లోపల తెల్లరంగు పూశాను. బయట ఏ పేరుందో నీకు తెలుసు కదా. మన గృహప్రవేశానికి ఇచ్చింది కామేశ్వరి ఆంటీయే. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకున్నది తన డబ్బా మీదే. దయచేసి చెప్పకు. గోంగూర ఆగిపోతుంది.

నాన్న మానికని కాసేపు చేతిలో పట్టుకుని, పేరు మీద వేలితో నిమిరి, దానితోనే బియ్యం కొలిచి కుక్కర్లో పోశారు. ఇద్దరికి నిండు మానిక. ఈరోజు కూడా ఆ అన్నంతోనే పులిహోర. “మీ అమ్మకి నువ్వే రాయి” అన్నారు. అదొక్కటే మాట.

అందుకే రాస్తున్నాను. ఆరు నేరాల్లో మానికది అబద్ధం, మిగతావి నాన్న ఆట కోసం జరిగినవి. నేను చేసింది ఏడోది, నీ జాబితాలో లేనిది. నీ మానిక దాచాను, ఆ మాట నాన్నకి చెప్పలేదు. తప్పంతా తన చేతుల్లోనే ఉందనుకుంటూ ఆయన ఆరు వారాలు ఆ చేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంటే, పక్కనే కూర్చుని లెక్క చెప్పాను.

ఇట్లు,
మెంతుల డబ్బా దొంగ, నీ కొడుకు
శ్రీధర్