కత్తిరించని అర నిమిషం

పోర్ట్ బ్లెయిర్,
ఆదివారం, మధ్యాహ్నం.

అత్తకు, నీ మేనల్లుడు సూరి నమస్కరించి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఏమైనా తగ్గిందా? మావయ్య దగ్గు ఎలా ఉంది? కోటబొమ్మాళిలో ఈపాటికి ఊడ్పులు అయిపోయి ఉంటాయి. నీళ్ళు చివరి మడి దాకా వచ్చాయో లేదో రాయించు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటనుకుంటావు. ఫోన్‌లో నువ్వు "తిన్నావేట్రా?" అంటావు. తిన్నానంటాను. "ఏటి కూర?" అంటావు. చెప్తాను. ఆ తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. నాకు మీ పెరట్లో కోళ్ళు వినిపిస్తాయి, నీకు ఇక్కడి వాన వినిపిస్తుంది. ఇక పెట్టేస్తాం. ఈ సంగతి అలా చెప్పగలిగేది కాదు. పైగా కవరులో ఒక చిన్న వస్తువు ఉంది. దాన్ని ఇప్పుడే తియ్యకు, ముందు ఉత్తరం మొత్తం చదువు. మావయ్య చేత చదివించుకోకుండా నువ్వే చదవాలని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

ఇక్కడ వాన వైశాఖంలో మొదలైంది, ఇంకా ఆగలేదు. మేకుకు తగిలించిన చొక్కా రెండు రోజులకే బూజు పడుతుంది. పని మాత్రం విజయనగరంలో చేసిందే. యజమాని అదే, సిమెంటు అదే, ఇనుప చువ్వలు అవే. అక్కడ సాలూరు లారీల్లో వచ్చేవి, ఇక్కడ ఓడలో వస్తాయి. ఓడ వచ్చిన రోజు కూర్చునే తీరిక ఉండదు. రాని రోజు ఖాళీ గోడౌన్‌లో నేనూ, కాపలా కుక్కా. కూరగాయలు కూడా ఓడ మీదే రావాలి. అది ఆలస్యమైతే ఊరందరిదీ ఒకటే కూర, కోడిగుడ్డు.

కింది వాటాలో ఇంటావిడ సన్యాసమ్మగారు ఉంటారు. సోంపేట మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట భర్తతో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాట మాత్రం ఓడ ఎక్కిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మొన్న నా గిన్నెలోకి తొంగి చూసి, "ఏటి బాబూ, మల్లీ గుడ్డేనేటి? ఆ కోడికైనా సిగ్గేస్తాది. సేప పులుసు ఉన్నాది, అట్టుకెల్లు" అన్నారు. వద్దండీ అన్నాను. "నాను అడగనేదు, సెప్తన్నాను" అన్నారు. కాబట్టి నా తిండి గురించి బెంగ పెట్టుకోకు.

ఇక అసలు సంగతి.

ఈశ్వరి పెద్దకార్యం అయిన మర్నాడు నువ్వు పెరట్లో నా పక్కన కూర్చుని అడిగావు. "ఒరే సూరీ, దాని పొటోలు సానా ఉన్నాయి. గొంతు ఏ పోన్లోనైనా ఉన్నాదేట్రా?" అన్నావు. ఈశ్వరితో నా పెళ్ళయినప్పటి నుంచీ మర్యాదకు బాబూ అని పిలిచినదానివి, ఆ రోజు చిన్నప్పటిలా ఒరే అన్నావు. నేను లేదన్నాను.

ఉంది. నీకు అబద్ధం చెప్పాను. ఉన్నది ఒక్కటే కాబట్టి నా దగ్గరే దాచుకుందామని చెప్పాను. ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

నా గిటారు నీకు తెలుసు. మొదటిసారి చూసినప్పుడు మావయ్య "ఏట్రా సూరీ, ఉద్దోగం మానీసి బుర్రకత సెప్తావేటి?" అన్నాడు. నేను కచేరీలు చేసేవాణ్ణి కాను. విజయనగరంలో మా మేడగదిలో, ఆదివారం పూట, నాకిష్టమైన సినిమా పాట ఒకటి గిటారు మీద వాయిస్తూ పాడి, ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టేవాణ్ణి. మొహం కనపడదు, చేతులూ గిటారూ మాత్రమే. అలా పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. బరంపురంలో ఒక టీచరమ్మ, రాజమండ్రిలో రిటైరైన పెద్దాయన, కువైట్‌లో ఒక డ్రైవరు. ఎవరినీ ఎప్పుడూ కలవలేదు. ఒకరి వేళ్ళు ఒకరికి తెలుసు, అంతే. ఒకరు పెట్టిన పాటను మిగిలినవాళ్ళం ఫోన్‌లోకి దించుకుని, ఆపి ఆపి చూసి నేర్చుకుంటాం. రెండో చరణంలో చిటికెన వేలు ఎక్కడ పెట్టారండీ అని అడుగుతాం.

నా రెండు చేతులూ గిటారు మీద ఉంటాయి కాబట్టి ఫోన్ పట్టుకునేది ఈశ్వరి. బటన్ నొక్కి "ఊఁ, కానీ బావా" అనేది. పాట అయ్యాక ఏదో ఒకటి అనేది. "గొంతు ఎండిపోనాది, నీల్లు తాగి మల్లీ పాడు" అనేది. "ఈపాలి బాగున్నాది, నిజ్జంగానే" అనేది. నెట్‌లో పెట్టే ముందు నేను మొదలూ చివరా కత్తిరించేవాణ్ణి. పాట శుభ్రంగా ఉండాలి కదా. ఫోన్‌లో చోటు చాలదని అసలుది చెరిపేసేవాణ్ణి. మూడేళ్ళు అదే పని. ఎంత కత్తిరించానో ఇప్పుడు తలుచుకోను.

ఒక్కసారి పొరపాటు చేశాను. నెట్ ప్యాక్ ఆ సాయంత్రంతో అయిపోతుందని తొందరపడి కత్తిరించకుండానే పెట్టేశాను. మర్నాడు చూస్తే పాట గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పాట చివర ఈశ్వరి నన్ను భోజనానికి పిలుస్తుంది, అందరూ దాని మీదే పడ్డారు. "చారు వేడిగానే ఉందా అండీ?" అని రాజమండ్రి పెద్దాయన రాశారు. "మేడమ్ గారికి నమస్కారాలు, అది ఏం చారో చెప్పండి" అని కువైట్ నుంచి. నాకు సిగ్గేసి తీసేస్తానన్నాను. ఈశ్వరి కూర్చుని నవ్వింది. "ఉండనియ్ బావా. మూడేల్లు నువ్వు పాడితే రాని జనం నా సారుకి వచ్చినారు" అంది. ఉండనిచ్చాను. నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను. అదీ తన మాట మీదే.

ఆ తర్వాత ఎనిమిది నెలలకే జ్వరం. తొమ్మిది రోజులు. అదంతా నీకు తెలుసు.

మేడగది ఖాళీ చేసి గిటారు నీకు ఇచ్చేసి ఇక్కడికి వచ్చాను. ఏడాది తిరిగేదాకా పాట వద్దని నువ్వు దాన్ని తన పాత చీరలో చుట్టి అటక మీద పెట్టించావు. నువ్వు వద్దనకపోయినా వాయించేవాణ్ణి కాదు.

కిందటి నెల నెట్ వాళ్ళ దగ్గర నుంచి సమాచారం వచ్చింది. నేను కత్తిరించకుండా పెట్టిన ఆ పాట హక్కులున్నవాళ్ళు అడిగారట. పది రోజుల్లో నా వీడియోలో ధ్వని తీసేస్తామన్నారు. వాళ్ళ పాట వాళ్ళది, తప్పనను. కానీ పాటతో పాటు ఆ చివరి అర నిమిషం కూడా పోతుంది. నా దగ్గర ఇంకో ప్రతి లేదు.

ఇక్కడి నెట్ మన దగ్గరలా కాదు. వాన పడితే అసలు రాదు. ఓడరేవు దగ్గర నెట్ సెంటర్‌లో రోజూ భోజనం వేళ కూర్చుని దించుకోవాలని చూశాను. ఒకరోజు సగంలో తెగిపోయేది, ఒకరోజు ముప్పావులో. వచ్చినంత మేరకు చూస్తే అంతా నేనే. నా చేతులు, నా గొంతు. ఈశ్వరి చివర్లో ఉంది. చివర ఎప్పుడూ రాలేదు.

ఆరో రోజు ఆ వీడియో కింద రెండు ముక్కలు రాశాను. ఈ పాట ఎవరైనా దించుకుని ఉంటే చివరిదాకా ఉందేమో చూడండి, నా భార్య ఇప్పుడు లేదు, అని. మర్నాటికి ముగ్గురు ఉందని రాశారు. నేర్చుకోవడానికి దించుకున్నారట, నేర్చుకున్నాక చివర కోసం ఉంచుకున్నారట. బరంపురం టీచరమ్మ మెమరీ కార్డులో వేసి రిజిస్టర్ పోస్టులో పంపించారు. దానితో ఒక చీటీ. "మా ఇంట్లో అందర్నీ భోజనానికి లేపడానికి ఇప్పటికీ ఆవిడ మాటే అంటాం. ఆవిడ లేరని తెలియదు" అని.

కార్డు చేరేసరికి నెట్‌లో వీడియో మూగదైపోయింది. చేతులు కదులుతాయి, అంతే.

కిందటి ఆదివారం తలుపు దగ్గర కూర్చుని కార్డు ఫోన్‌లో వేసి విన్నాను. కింద నుంచి సన్యాసమ్మగారు, "ఎవులొచ్చినారు బాబూ? మన పక్క మాటలాగున్నాది" అన్నారు. మా ఆవిడండీ అన్నాను. నా సంగతి ఆవిడకు తెలుసు. మెట్లెక్కి వచ్చి పై మెట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి, "ఇంకోపాలి పెట్టు" అన్నారు.

నీకంటే ముందు ఆవిడ విన్నారు. అది తప్పనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

అందులో ఏముందో ముందే చెప్తాను. నేను దాచడానికి రెండో కారణం అదే. పాట అయిపోవస్తుండగా తన ఫోన్ మోగుతుంది. అప్పుడు ఈశ్వరి ఇలా అంటుంది. "అమ్మే. ఇప్పుడెత్తితే అరగంట వదల్దు. కూరేటి, సారేటి అని మొదలెడతాది. మోగనీ. బావా, ఇక ఆపు, సారు సల్లారిపోతంది. అమ్మకి తిన్నాక సేస్తాను." ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. వీడియో అక్కడితో అయిపోతుంది.

కూతురి గొంతు కోసం అడిగిన నీకు, నీ ఫోన్ ఎత్తని కూతుర్ని ఎలా వినిపించను అనుకున్నాను. ఆ ముక్క తీసేసి పంపుదామని కూడా కూర్చున్నాను. కత్తిరించడం నాకు అలవాటైన పనే. చేతకాలేదు. అంతా అలాగే ఉంచాను.

అయితే వీడియోలో లేనిది ఒకటుంది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ రోజు ఇద్దరం తిన్నాం. బీరకాయ కూర, చారు. కంచాలు తీసి, తడి చెయ్యి చీరకు తుడుచుకుంటూనే ఫోన్ తీసుకుని మెట్ల మీద కూర్చుని నీకు చేసింది. ఎందుకు ఎత్తలేదని అడిగి ఉంటావు. "నీ మేనల్లుడు పాడతన్నాడే అమ్మా, ఇల్లు కదిలిపోతంటే ఏటి వినిపిస్తాది?" అంది. తర్వాత బీరకాయ అని చెప్పింది. తర్వాత నీ మోకాళ్ళ గురించి అడిగింది. ఎండ మెట్ల మీద నుంచి ఎదురు గోడ ఎక్కేదాకా మాట్లాడుతూనే ఉంది. నేను గిటారు మూల పెట్టి, ఒక నిద్ర తీసి లేచాను. అప్పటికీ నవ్వుతోంది. అరగంట కాదు అత్తా. చాలాసేపు. నీకు గుర్తుండకపోవచ్చు. అది నీకు రోజూ వచ్చే ఫోన్. నాకు గుర్తుంది.

కార్తీకంలో సంవత్సరీకానికి వస్తున్నాను. విశాఖ ఓడకు పేరు ఇచ్చాను. అప్పుడు గిటారు దించుదాం. ఈలోగా మావయ్యతో చెప్పి దాని తీగలు వదులు చేయించు, బిగువుగా ఉంటే మెడ వంగిపోతుంది. కొసన ఆరు మరలు ఉంటాయి, తీగ వదులయ్యేవైపు ఒక్కొక్కటీ రెండు చుట్లు తిప్పితే చాలు. బుర్రకథ అంటే అననీ. టీచరమ్మ మళ్ళీ పాట పెట్టమంటున్నారు. పెడతానో లేదో తెలియదు.

నా గురించి దిగులు వద్దు. బాగానే ఉన్నాను, తింటున్నాను. మావయ్యకు నా నమస్కారాలు చెప్పు. ఊళ్ళో అడిగిన పెద్దవాళ్ళందరికీ సూరి క్షేమమని చెప్పు. వచ్చినప్పుడు నీ కాళ్ళకు దణ్ణం పెడతాను. అప్పటిదాకా అక్కడి నుంచే దీవించు.

నీ
సూరి

మావయ్య ఫోన్ వెనక మూత తీస్తే పక్కన సన్నటి గాడి ఉంటుంది. కార్డు అందులో పడుతుంది. ఉత్తరం అందేసరికి భోజనాల వేళవుతుంది. అన్నం వదిలేసి కూర్చోకు. తిన్నాక విను.