నాలుగో కొలత నిలవలేదక్కా

నన్ను పెంచి పెద్దదాన్ని చేసిన అక్కకు, ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే బావగారికి, కలకత్తా నుంచి యశోద నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ముగ్గురం అనాలేమో, కానీ మూడోవారికి ఇంకా మాటలు రావు, తన్నడమే వచ్చు. ఆత్మకూరులో మీరంతా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నా గురించి బెంగపడకు. కడుపునిండా తింటున్నాను, నిద్ర పడుతోంది, కాళ్ళకు వాపు లేదు.

ఇక్కడ ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ. పొద్దున ఉతికిన చీర సాయంత్రానికి కూడా ఆరదు. వంటంతా ఆవనూనెతోనే. కింది వాటా ఆవిడ చాలా మంచిది, కానీ ఆమె పొద్దున్నే చేపలు వేయిస్తుంటే నేను కిటికీలు మూసుకుని కూర్చుంటాను. జొన్నరొట్టె ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. జొన్నలు కావాలని బజారులో అడిగితే పిట్టలను పెంచుతున్నావా అన్నారు. నువ్వు పంపిన చింతపండు అడుగంటింది. మళ్ళీ కావాలి, కొంచెం కారం కూడా. ఎందుకో చివర రాస్తాను.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదని కోపం వచ్చే ఉంటుంది. "తొలికాన్పు పుట్టింట్ల గావాలె. అమ్మ లేదు గనక నా ఇల్లే నీ పుట్టిల్లు. వస్తవా రావా, ఒక్క మాట రాయి" అని బావగారితో రాయించావు. ఆ ఒక్క మాటే రాయలేక అడకత్తెరలో పోకచెక్కలా నలిగాను. రావాలని లేక కాదు. ఆయన్ను ఒంటరిగా వదిలే ధైర్యం లేక.

మీ మరిది సంగతి నీకు తెలుసు కదా. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే వనపర్తిలో వారాలు చేసుకుని, రోజుకో ఇంట్లో తిని చదువుకున్న మనిషి. పెట్టింది తినాలి, నోరు తెరిచి అడగకూడదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. నేను విస్తరి వేస్తే తింటారు, వేయకపోతే నీళ్ళు తాగి పుస్తకం పట్టుకుంటారు. ఇలాంటి మనిషిని నెలల తరబడి ఎవరికి అప్పగించి రాను?

దానికి తోడు ఆయన పని చెడింది. కాలేజీలో ఆయన చేసేది ఏమిటని బావగారు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పింది చెబుతాను. మనకు పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు కొలతలున్నాయి. నాలుగోది కూడా ఉందనుకుంటే, రాయిని కిందికి లాగే బలమూ కరెంటు దీపాన్ని వెలిగించే బలమూ ఒకటేనని లెక్కలో తేలుతుందట. దొరల సీమలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అన్న మాట ఇది. కానీ ఆ నాలుగోది మిగతా మూడింటిలా బారుగా ఉంటే, భూమి సూర్యుడి చుట్టూ నిలకడగా తిరగలేదట. ఏ కాస్త కదిలినా పోయి సూర్యుడిలో పడుతుంది, లేదంటే ఎటో వెళ్ళిపోతుంది. అందుకని దాన్ని కంటికి ఆనని చిన్న చుట్టగా చుట్టేశారు.

కడవ కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురులాగానా అని అడిగాను. అవునన్నారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. చుట్టకుదురు కొస లోపలికి దోపకపోతే ఏమవుతుందో నీకు తెలుసు, నేను పగలగొట్టిన కడవలకు చీవాట్లు పెట్టింది నువ్వే కదా. ఈ వేసవిలో ఆయన లెక్క చివరికి వచ్చేసరికి ఆ చిన్న చుట్ట కూడా నిలవడం లేదని తేలింది. కాస్త కదిపితే బిగుసుకుని బిగుసుకుని లేకుండా పోతుంది, లేదంటే విప్పుకుని మళ్ళీ బారవుతుంది. దాన్ని పట్టి ఉంచే కొస ఎక్కడ దోపాలో ఆయనకు దొరకలేదు.

ఆరోజు ఇంటికి వచ్చి చెప్పులతోనే మంచం మీద వాలిపోయారు. మూడేళ్ళ పని నిలవలేదని ఒక్క మాట చెప్పి గోడవైపు తిరిగారు. తర్వాత కాలేజీకి పోవడం మానేశారు. నాకు తోచిన వైద్యం ఏమిటంటే, ఇంట్లో ఏదీ కదలకుండా చూడడం. గిన్నెల చప్పుడు లేకుండా వండాను. నువ్వు రమ్మన్న మాట ఎత్తలేదు. పోట్లాట కూడా మానేశాను. నేను పోట్లాడకపోయేసరికి ఆయనకు ఇంకా భయమేసి, నాకేదో జబ్బు చేసిందని డాక్టరును పిలవబోయారు.

మొన్న సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డారు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను, మరి మన మూడు కొలతల లోకంలో భూమి ఎందుకు పడిపోదు, దాన్ని ఎవరూ కదిలించరా అని. ఎన్నో రోజులకు ఆయన ముఖం విచ్చుకుంది. కదిలించకేం, మిగతా గ్రహాలన్నీ దాన్ని గుంజుతూనే ఉంటాయట.

"గుంజితె జర ఊగుతది, మళ్ల దాని తొవ్వ అది పట్టుకుంటది. నిలకడంటే కదలకపోవుడు గాదు. కదిలిచ్చినా పోకపోవుడు."

నేను పట్టుకున్న చీర చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చెప్పేశాను. అక్క రమ్మంటోంది, నాకూ పోవాలని ఉంది, మిమ్మల్ని వదలడానికి భయంగా ఉంది అని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆయన నా చేతిలో చీర తీసుకుని మడత పెట్టారు, వంకరగానే.

"నువ్వు పో" అన్నారు. "నేను జర ఊగుత. పడిపోను."

ఆ వెంటనే, అక్కా, "ఆకలైతుంది" అన్నారు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మాట ఆయన నోట నేను వినలేదు. వారాల ఇళ్ళలో మింగిన మాట, ఇన్నేళ్ళకు సొంత ఇంట్లో బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి అన్నం వార్చాను.

మర్నాడు కాలేజీకి వెళ్ళి, అక్కడి పెద్ద మాస్టారికి లెక్క నిలవలేదని చెప్పారు. మాస్టారు కోప్పడలేదట. ఎందుకు నిలవదో అదే రాయి, వెనక వచ్చేవాళ్ళు ఆ దారిలో జాగ్రత్తగా నడుస్తారు అన్నారట. ఇప్పుడు అది రాస్తున్నారు. మధ్యమధ్య పొయ్యి దగ్గరికి వచ్చి చారు కాయడం నేర్చుకుంటున్నారు. మొదటిసారి ఉప్పు రెండుసార్లు వేశారు, రెండోసారి అసలు వేయలేదు. రెండూ తిన్నాం.

కాబట్టి నీకు ఆ ఒక్క మాట రాస్తున్నాను. వస్తాను. ఏడో నెల రాగానే మంచిరోజు చూసి బావగారిని పంపు. రైలెక్కేటప్పుడు నేను ఏడుస్తాను, బావగారు చూడనట్టు ఉండాలి. మీ అత్తగారికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు మా ముగ్గురి మీదా ఉండాలి.

చింతపండూ కారమూ బావగారి చేతికిచ్చి పంపడం మరిచిపోకు. అవి నాకు కాదు, నేను నీ చేతి వంట తింటాను. ఇక్కడ ఆయనకు ఆకలైనప్పుడు ఇంట్లో ఉండాలి.

నీ చెల్లెలు,
యశోద