మళ్లొకసారి చెప్పు

జూలై 9, 2001

పొద్దున్నుంచి ముసురు. స్టూడియోలో పోలీస్ స్టేషన్ సెట్టుకు రంగు వేశాం. ప్లైవుడ్ ఆరలేదు. రెండో కోటింగ్ రేపటికి వాయిదా.

కృష్ణానగర్ గదికి వచ్చేసరికి, నాతో గదిలో ఉండే అరుణ్ అద్దం ముందు నిలబడి డైలాగు చెప్పుకుంటున్నాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆడిషన్లకు తిరుగుతున్నాడు. ఉద్యోగం సంగతి మోతీనగర్‌లో ఉండే అక్క జాయ్స్‌కు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

"నేను లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదు."

బాగుంది గానీ తొందరపడ్డావన్నాను. "మళ్లొకసారి చెప్పు. జర మెల్లగ."

చెప్పాడు. ఈసారి బాగా కుదిరింది.

జూలై 12

వాన. పని లేదు. అరుణ్‌ది అదే డైలాగు. ఏ సినిమా అని అడిగితే ఇంకా పేరు పెట్టలేదన్నాడు.

జూలై 15

అరుణ్ స్నానం చేయడం లేదు. అన్నం కెలికి వదిలేస్తున్నాడు. వేషం కోసం చిక్కిపోతున్నాడనుకున్నాను.

జూలై 17, సాయంత్రం

ఇంటి ఓనరు ఎల్లమ్మ మెట్ల మీద ఆపింది. మీ హీరో నల్లా నీళ్లు వచ్చినా లేస్తలేడంది. వేషం కోసమన్నాను.

"గోడలకు రంగులేసుడే గానీ మనిషి మొకం చూడవా నర్సింహా."

పైకి వెళ్లి ఏ డైరెక్టరు, ఏ ఆఫీసు అని గట్టిగా అడిగాను. గోడ వైపు తిరిగాడు.

"సినిమా లేదన్నా. అవి నా మాటలే."

చచ్చిపోవాలని ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

ఆ మాటను ఎట్లా పలకాలో నేను నేర్పాను.

ఎల్లమ్మ అతని పక్కన కూర్చుంది. నేను ఎస్టీడీ బూత్‌కు వెళ్లి జాయ్స్‌కు ఫోన్ చేశాను. ఇచ్చిన మాట తప్పాను. ముందే తప్పాల్సింది.

జూలై 18

పొద్దున్నే జాయ్స్ వచ్చింది. అరుణ్‌తో కలిసి ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. ఇది జబ్బే, మందులతో తగ్గుతుంది, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దని డాక్టర్ చెప్పాడు. ఉద్యోగం పోయిన సంగతి నేను ఫోన్‌లో చెప్పినా, అరుణ్ కూడా తన నోటితో అక్కకు చెప్పాడు. ఆమె తిట్టలేదు. టిఫిన్ చేశావా అని అడిగింది.

జూలై 24

తను పాఠాలు చెప్పే స్కూల్లో సెలవు దొరికేదాకా అతన్ని చూసుకొమ్మని జాయ్స్ అడిగింది. పగలు నాతో సెట్టుకు తీసుకెళ్తున్నాను. సాండ్ పేపర్ ఇస్తే తలుపు సగం రుద్ది ఆగిపోయాడు. మిగతా సగం నేను రుద్దాను. రాత్రి మాత్ర వేయించే పని ఎల్లమ్మది. మింగాడో లేదో నోరు తెరిపించి చూస్తుంది. నిన్న పళ్లు కూడా లెక్కపెడతానంటే కొంచెం నవ్వాడు.

జూలై 29

వాన తెరిపిచ్చింది. ఎట్లున్నవని అడిగాను. "బాలేదన్నా" అన్నాడు. మళ్లీ చెప్పమనలేదు. పక్కన కూర్చున్నాను.

జాయ్స్‌కు సెలవు దొరికింది. సాయంత్రం నాలుగింటికి వచ్చి అతన్ని ఆటోలో మోతీనగర్ తీసుకెళ్లింది.