నల్లగుర్రానికి చదివిన కరపత్రం

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నువ్వు దొర గుర్రాలు చూసుకున్న శామీర్‌పేట తోటలో రాజుల నాటి బగ్గీలు జనానికి చూపిస్తున్నారంటే, సంచి నిండా మా కార్మిక సంఘం కరపత్రాలతో వెళ్లాను. వెండి రేకుల బగ్గీ పక్కన దాన్ని ఏ రాజు ఎక్కాడో రాసి ఉంది. దాన్ని రోజూ తోమిన నీ పేరు ఎక్కడా లేదు. ఒళ్లు మండింది. గుర్రాల కొట్టం గోడకు ఒక కరపత్రం అంటిద్దామని, అక్కడ కట్టేసి ఉన్న నల్లగుర్రం వెనక నుంచి చప్పుడు చేయకుండా దూరాను.

దాని చెవులు వెనక్కి వాలాయి. వెనక కాలు లేచింది. గుర్రానికీ గోడకూ మధ్య ఇరుక్కుపోయాను.

నీతో పనిచేసిన మల్లయ్య కాక వాకిట్లోంచి చూశాడు.

"అరే, సప్పుడు జెయ్యకుంట ఎన్కకెల్లి ఎవరన్న పోతరారా? మాట్లాడు! నువ్వేడున్నవో దానికి తెల్వాలె!"

"ఏం మాట్లాడాలె కాకా?"

"మైకు దొర్కితె ఇడ్వవు గదరా, గిప్పుడేమైంది?"

చేతిలోని కరపత్రమే చదివాను. "శ్రమజీవులారా..." రెండో పేరాకు గుర్రం కాలు దించింది. చదువుతూనే గోడ వెంట జరిగి బయటపడ్డాను.

ఒకప్పుడు, దొర గుర్రాన్ని "బంగారూ, బిడ్డా" అని బతిమాలుతావని నలుగురి ముందు నిన్ను బానిస అన్నాను.

"మీ బాపుకు రోజూ బయమేరా," అన్నాడు కాక. "అందుకే గుర్రంతోని గట్ల మాట్లాడుతుండె."

ఒక్కసారికే నేను గడ్డిమోపు మీద కూలబడ్డాను. నువ్వు మర్నాడు మళ్లీ ఎలా వెళ్లేవాడివి, బాపూ?