మూడు వేళ్ల కన్ను

జూలై 2, 2001
చెరువుల్లో చేపపిల్లలు వలకు చిక్కకుండా మా ఆయన ప్రభుత్వ కమిటీకి రూల్స్ రాస్తున్నారు. ఇవాళ లా కాలేజీలో పాఠాలు చెప్పి రాగానే, అబిడ్స్‌లో డీటీపీ చేయించిన తెలుగు కాపీ నా చేతిలో పెట్టారు. ఏడో క్లాసు చదివిన నాకు అర్థమైతే అందరికీ అర్థమవుతుందట. కోపం రాలేదు. సంతోషమే వేసింది. మా నాన్న వలలు అల్లేవాడు మరి.

జూలై 3, మధ్యాహ్నం
వల కన్ను 46 మిల్లీమీటర్లకు తగ్గరాదు, అని ఉంది. అక్కడ ఆగిపోయాను. మావాళ్లు కన్నును వేళ్లతో కొలుస్తారు. మూడు వేళ్లు దూరాలి, అప్పుడే చిన్న చేప బయటికి పోతుంది. కుట్టుమిషను టేపు మీద 46 చూశాను. నా మూడు వేళ్లకే సరిపోయింది. నాన్నవైతే రెండే దూరతాయి. ఇంత చిన్న కన్నైతే చేపపిల్లలన్నీ వలలోనే. మరుసటేడు చెరువులో ఏముంటుంది?

సాయంత్రం
ఎవరి వేళ్లండీ, అని అడిగాను. జాలర్ల సంఘం వాళ్లు మూడు వేళ్లన్నారట, ఈయన తన వేళ్లు స్కేలు మీద పెట్టి రాశారట. వేళ్లు వేళ్లే గదా కృపా, జర అటిటు ఉంటది గంతే, అని నవ్వేశారు. చాక్‌పీసు తప్ప పట్టని వేళ్లు!

జూలై 11
రేపే నాంపల్లిలో కమిటీ మీటింగు. అందరూ ఒప్పుకుంటే 46 అచ్చుకి పోతుంది. నేనూ వస్తానన్నాను. మీటింగు అయ్యాక కోఠిలో దారం కొనాలని చెప్పాను. అబద్ధం. ప్రభువు క్షమించాలి.

జూలై 12
మీటింగు అయిపోయింది.
వెనక బెంచీలో కూర్చున్నాను. సంచిలో టేపు. ఛైర్మన్ విద్యాసాగర్ సారు 46 చదివి, ఎవరికైనా అభ్యంతరమా అన్నారు. జాలర్లు మిల్లీమీటర్లు తెలియక తలలూపుతున్నారు. లేచాను. నేనే! ఎవరి వేళ్లు సార్, అన్నాను. హాలంతా వెనక్కి తిరిగింది. ఈయన మొహం వైపు మాత్రం నేను చూడలేదు. సంచిలోంచి టేపు తీసి పైకెత్తాను. సంఘం పెద్ద బాలకిషన్ పకపకా నవ్వి, ఏందమ్మా, మాకు అంగీలు కుడ్తవా, అంటూనే చెయ్యి చాపాడు. మూడు వేళ్లు కొలిచాను. 58. పక్కాయన 60. ఆ పక్కాయన 57. ఔ సారూ, గీ పిల్ల చెప్పేది కరెక్టే, నలభై ఆరంటే దోమతెర, వల గాదు, అని బాలకిషన్ అరిచాడు. సారు ఎర్ర పెన్నుతో కొట్టేసి 58 రాశారు.
తిరిగొచ్చేటప్పుడు ఈయన మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం కొనిచ్చి, ఇంట్లనే గట్టిగ చెప్తే అయిపోవు గదా, అన్నారు. చెప్పిన గదా, అన్నాను. ఈయన నా ఐస్‌క్రీం కూడా సగం తినేశారు.

జూలై 15
చర్చి బయట ఈ కథంతా తన ఫ్రెండుకి ఈయనే చెప్పారు. టేపు ఎవరిదో కూడా చెప్పారు.

జూలై 27
కమిటీ నుంచి నా పేరు టైపు చేసిన కవరు వచ్చింది. రెండో డ్రాఫ్టు. అచ్చుకి ముందు నన్ను చదవమన్నారు.
ఈయన టీ పెడుతున్నారు. చక్కెర డబ్బా ఎక్కడని రెండుసార్లు అడిగారు. నేను మూడో పేజీలో ఉన్నాను.