రెండో తలుపుకు లచ్చవ్వ పేరు

2008 జూన్ 9, సోమవారం

బీర్కూర్ రైస్‌మిల్లు సేటు ఫోన్ జేసి పెట్టేసిండు. మనుమరాలు స్వరూప మొకం మాడింది. ఏంది పిల్లా అంటె చెప్పది. ఇగ గద్దించిన.

సేటుకు వెబ్‌సైటు చేసిచ్చింది ఇదే. కాని సేటు కొడుకు నెట్టుల చూస్తె, ఆ సైటు పట్నంల ఎవలిదో కంపెనీ కాడున్నట్టు పేరు వచ్చిందట. "నడుమ నువ్వెందుకమ్మా, మేం వాళ్లతోనే మాట్లాడుకుంటం" — అన్నడట.

వండింది ఒకలు, పేరు ఇంకొకలకా? నా ఫిర్యాదు రాస్కో కాయితమా. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంట, పిల్ల రాస్తుంటది. దాన్ని తిట్టినా అదే రాయాలె.

జూన్ 10

పిల్లకు ఉపాయం దొరికింది. యాడనో పెద్ద కంప్యూటర్ల ఒక వాటా కిరాయికి తీస్కున్నది — వీపీఎస్ అంటరట. ఇల్లు కిరాయిదే, తాళంచెవి మనది. ఇగ నేమ్‌సర్వర్లు గూడ సొంతయి పెట్టుకోవచ్చట. ఫలానా సైటు యాడుంది అని లోకం అడిగితె, ఇగో ఈడ అని పలికేటియి. ఇంటికి రెండు తలుపులున్నట్టు, రెండుండాలె. ఒకటి పలుకకుంటె రెండోది పలుకుతది.

సేటు మళ్ల చూస్తె వీటి పేర్లే వస్తయట. పేర్లేంది? — "ఎన్ఎస్ ఒకటి, ఎన్ఎస్ రెండు." గదేం పేరే, బస్సు నంబరా? — "ఏదన్న పెట్టొచ్చు అవ్వా."

అయితె నా పేరు పెట్టు, రాజవ్వ అని.

నవ్వింది... పెట్టింది.

జూన్ 11

రెండో పేరు తెగుతలేదు. స్వరూప తన పేరంటది. పిలిస్తె ఒక్కనాడు పలికినవా నువ్వు?

నేను నాట్లకు పోతె, మా ఇంటికొచ్చినోళ్లకు పలికిందెవలు? లచ్చవ్వ. నా యారాలు, మా మరిది పెండ్లాం. మూడేండ్లాయె, మాటల్లేవు. ఆమె బర్రె నా పాలకూర మడి మేసింది. బర్రె తప్పు గాదన్నది. తప్పు బర్రెదే. ఇప్పుడు బీర్కూర్ల బిడ్డ కాడుంటది.

లచ్చవ్వ పేరే పెట్టు.

"అడుగొద్దా?" — అడిగితె ఒప్పుకోదు. పెట్టు.

జూన్ 12

పొద్దంత కరెంటు లేదు. తొక్కు నూరిన.

జూన్ 13

పేర్లు పెట్టినా లోకం పోల్చుకుంటలేదు. మనింటి అడ్రసు మనింట్లనే ఉంటె బయటోనికేమెరుక? సైటు పేరు కొన్న కాడ ఈ రెండు పేర్లు, వాటి నంబర్లు ముందుగాల ఎక్కించాలెనట. మర్చిపోయిందట. తిట్టిన. రాసినవా, తిట్టిన అని? రాసింది.

జూన్ 14

మన కంప్యూటర్ల వచ్చింది. నా పేరు చూపెట్టింది — చీమల బారు లెక్కున్నది. దాని కింద లచ్చవ్వది. ఆమె బారే పొడుగు. గట్లెట్లనే?

బీర్కూర్ల మాత్రం ఇంక పాతదే వస్తుందట. స్వరూప ఊకె తీసి చూస్తుంది. మళ్ల మారుస్త అంటది. ముట్టకు. పైన తూము లేపంగనే చివరి మడి తడుస్తదా... ఆగు.

జూన్ 16

సేటు ఫోన్. నేనే ఎత్తిన.

"రాజవ్వా, నీ పేరు చూసిన, బాగుంది. ఈ లచ్చవ్వ ఎవలు? మా మిల్లెనుక ఉండే లచ్చవ్వనా?"

ఆమెనే.

"ఆమె గూడ దీన్ల ఉన్నదా? నాతోని ఒక్క మాటనలే. సరే, ఆమెను అడుగుత. అవునంటె నా సైటు మీ కాడ్నే ఉంటది."

పెట్టేసిండు. అడుగకుండ అప్పుకు జమానత్‌ల మనిషి పేరు రాయించినట్టయింది. స్వరూప తల పట్టుకున్నది. నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వది.

జూన్ 17

సేటు ఫోన్ రాలే. "రెండో పేరు తీసేస్త అవ్వా, ఎవలికి తెల్వది" — అన్నది పిల్ల. ఆమె పేరు తీస్తె నా పేరు గూడ తియ్యి.

బీర్కూర్ బస్సు వచ్చిన చప్పుడు. ఎవలో గొళ్లెం కొడ్తున్నరు.

"అక్కా... ఓ అక్కా. నా పేరు నీకు అంత సస్తాకు దొరికిందా? సేటుకేం జెప్పిననో ఇనాలంటె తలుపు తియ్యి."

పిల్ల లేవబోయింది. కూసో. నువ్వు రాయి.

తలుపు నేనే తీస్త.