తాగుడనుకున్నది

మంగళవారం రాత్రి, ఆస్పత్రి వార్డు

మధ్యాహ్నం చిక్కపేట అంగట్లో ఆయన మాట ముద్దముద్దగా వచ్చిందట. "అన్న తాగుతా ఉండాడు వదినా," అని మరిది కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేశాడు. ఇంటికి రాగానే దగ్గరికెళ్ళి వాసన చూశాను. ఏమీ లేదు.

"చెయ్యి కూడా మొద్దుబారిండె. ఇప్పుడు సరిపోయింది లేవే," అన్నారు.

నా అనుమానం ఆయనకున్న, రక్తం మితిమీరి ఊరే జబ్బు మీదికి మళ్ళింది. రక్తం చిక్కబడకుండా అప్పుడప్పుడూ ఈ ఆస్పత్రికొచ్చి కొంత తీయించుకోవాలి.

"తీయించుకుంటా ఉండారు కదా?" అంటే కళ్ళు తప్పించారు. వెంటనే ఆటో ఎక్కించాను.

మెదడుకు కాసేపు రక్తం అందలేదని, ఇది హెచ్చరికేనని డాక్టరు చెప్పారు. ఉగాది నుంచి ఆయన ఇటు రానేలేదట. నాతో మాత్రం "పోయొచ్చినా" అనేవారు. ఇంకేం దాస్తున్నారో...

ఇప్పుడు పడుకున్నారు. నిద్రేనా అని నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ లేపాను. చివరికి విసుక్కుని తిట్టారు. ఒక్క మాటా తడబడలేదు.